కట్ గ్లాసా, అచ్చు గ్లాసా? అత్తగారి గాజు గిన్నె

లింగంపల్లి_సుజాత
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గాజు గురించి నాకు గాజుల కొట్టుకి మించి తెలీదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. దసరాకి ఇల్లు దులుపుతుంటే మా అత్తగారి బీరువా పై అరలో పాత స్వెట్టర్లలో చుట్టిపెట్టిన ఒక సీసా, దానికి గాజు మూత, ఐదు చిన్న గ్లాసులు దొరికాయి. వీటి జత గిన్నె మాత్రం ఎప్పుడూ బయటే ఉంటుంది, వాడుకలో ఉన్నదే. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఒక సెట్టని నాకు తెలీదు.

గిన్నె పొత్రమంత బరువు. అడుగున నక్షత్రం, చుట్టూ వజ్రాల్లాంటి గళ్ళు, అంచు రంపపు పళ్ళలా ఉంటుంది. కడిగి కిటికీలో పెడితే గోడ మీద ఇంద్రధనుస్సు ముక్కలు పడ్డాయి. మా చిన్నాడు వాటిని పట్టుకోవాలని ఒకటే గెంతులు.

పాత సామాన్లు కొనేవాడు అన్నీ కలిపి 300 ఇస్తానన్నాడు. "అచ్చులో పోసిన సరుకమ్మా, ఫిరోజాబాద్‌ది" అని తీర్పు కూడా చెప్పాడు. మా ఆయన ఇచ్చెయ్యమంటారు. అత్తగారేమో "మీ మామగారు ఫారిన్ నుంచి తెచ్చారు" అంటారు. ఏ ఫారిన్ అత్తయ్యా అంటే టీవీ సౌండు పెంచుతారు. ఇది నిజంగా చేత్తో కోసిన కట్ గ్లాసేనా? ఎలా తెలుస్తుంది?

సీసాపిచ్చి_రాంబాబు
శనివారం, రాత్రి 9:40

అమ్మా, ముందు ఆ సామాన్ల మనిషిని గేటు దాటనివ్వకండి. 300 ఇస్తానన్నాడంటే వాడికి ఎంతో కొంత తెలుసు.

ఇంట్లో కూర్చుని చూడాల్సినవి రెండు. మొదటిది వేలు. కళ్ళు మూసుకుని గళ్ళ అంచుల మీద బొటనవేలు మెల్లగా పోనివ్వండి. సానచక్రం మీద కోసిన గాజుకి అంచులు పదునుగా, చర్మాన్ని పట్టినట్టు ఉంటాయి. అచ్చులో పోసినదాని అంచులు నోట్లో కాసేపు నానిన పటికబెల్లం పలుకులా గుండ్రంగా జారతాయి. రెండోది గీత. ఇనప అచ్చు రెండో మూడో ముక్కలుగా ఉంటుంది, ముక్కలు కలిసిన చోట సన్నటి వెంట్రుకంత గీత గాజు మీద మిగులుతుంది. గిన్నెని దీపానికి అడ్డంగా పెట్టి పైనుంచి కిందికి వెతకండి. తెలివైన వాళ్ళు ఆ గీత డిజైను మడతలో దాక్కునేలా అచ్చు చేస్తారు, కాబట్టి ఓపిగ్గా చూడాలి.

ఇంకో మాట. నక్షత్రం కోణాలన్నీ మిల్లీమీటరు తేడా లేకుండా ఒకేలా ఉంటే నాకు అనుమానం. చెయ్యి చేసిన పనిలో ఎక్కడో ఒక గీత పక్క గీతని కొంచెం దాటిపోతుంది. నేనైతే ఆ దాటిన గీత కోసమే ముందు వెతుకుతా.

నిడదవోలు_కుర్రాడు
శనివారం, రాత్రి 9:58

ఇంత కష్టం ఎందుకండీ. గోటితో కొట్టండి. టంగ్‌మని గుడి గంటలా సాగితే క్రిస్టల్, అంటే సీసం కలిపిన గాజు. టక్‌మని ఆగిపోతే మామూలు గాజు. అంతే.

సీసాపిచ్చి_రాంబాబు
శనివారం, రాత్రి 10:05

తమ్ముడూ, పల్చటి మామూలు గ్లాసు కూడా మోగుతుంది. మందపాటి క్రిస్టల్ గిన్నె మోగకుండా ఊరుకుంటుంది. ఆకారం, మందం, పట్టుకునే తీరు, అన్నీ శబ్దాన్ని మారుస్తాయి. మూత సీసా అయితే అసలే మోగదు. చెవిని నమ్మి ఒకసారి రాజమండ్రిలో 2,000 పోగొట్టుకున్నా.

రసాయనం_మాస్టారు
ఆదివారం, ఉదయం 6:20

సుజాత గారూ, రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. కోసిందా పోసిందా అనేది పని గురించి. క్రిస్టలా మామూలు గాజా అనేది సరుకు గురించి. మామూలు గాజుని కూడా కోయవచ్చు, సీసం కలిపిన గాజుని కూడా అచ్చులో పోయవచ్చు. మొదటిదానికి రాంబాబు గారు చెప్పిన వేలు చాలు. రెండోదానికి బకెట్ కావాలి.

క్రిస్టల్ అన్నది పేరుకే. నిజమైన స్ఫటికంలో అణువులు బారులు తీరి ఉంటాయి, గాజులో ఆ క్రమం ఉండదు. స్ఫటికంలా తేటగా ఉందని పెట్టుకున్న పేరది. 1674లో లండన్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ అనే వ్యాపారి ఒక కొత్త గాజుకి పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో ఆయన చేసిన పాత్రలు కొన్నాళ్ళకి లోపల సన్నటి నెర్రెలు విచ్చి మసకబారిపోయేవి. ఆ లోపాన్ని సీసం ఆక్సైడుతో సరిదిద్దుకున్నాక 1676 నుంచి బొంతకాకి తల ముద్ర వేసి అమ్మాడు. ఆయన ఇంటిపేరులోనే ఆ కాకి ఉంది, ఇంగ్లీషులో రావెన్.

సీసం చేరితే ఏమవుతుంది? గాజు బరువెక్కుతుంది. తక్కువ వేడికే మెత్తబడుతుంది, ఆరేలోపు ఊది మలచుకోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది. చల్లారాక సానకి తేలిగ్గా లొంగుతుంది. కాంతిని ఎక్కువ వంచుతుంది, రంగుల్ని ఎక్కువ విడదీస్తుంది. మీ చిన్నవాడు గోడ మీద పట్టుకోబోయింది దాన్నే. యూరప్‌లో 1969 నాటి నిబంధన ప్రకారం సీసం ఆక్సైడు 24 శాతం ఉంటే లెడ్ క్రిస్టల్, 30 శాతం ఉంటే ఫుల్ లెడ్ క్రిస్టల్. వీటికి సాంద్రత (అంతే పరిమాణం నీళ్ళకి ఎన్ని రెట్లు బరువో) వరసగా 2.9, 3 కంటే తగ్గకూడదు. సీసాలు, కిటికీ అద్దాలు చేసే మామూలు గాజు 2.5 దగ్గర ఉంటుంది.

ఇక బకెట్. గిన్నెని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత వంటింటి తూకం మీద నీళ్ళ బకెట్ పెట్టి సున్నా చేయండి. గిన్నెకి గట్టి దారం కట్టి, చేత్తో పట్టుకుని నీళ్ళలో పూర్తిగా ముంచండి. ఇప్పుడు తూకం చూపించేది గిన్నె పక్కకి నెట్టిన నీళ్ళ బరువు. మొదటి అంకెని రెండో అంకెతో భాగించండి. గిన్నెలో సీసం ఉందో లేదో తేలిపోతుంది.

వాటర్‌ఫర్డ్_వాసు
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఐర్లండ్ నుంచి. వజ్రాల గళ్ళు, బరువు, రంపపు అంచు అంటే నాకు వెంటనే క్రిస్టల్‌కి పేరుపడ్డ మా ఊరు వాటర్‌ఫర్డే గుర్తొచ్చింది. అడుగున మంచి లైటు కింద చూడండి, పేరు సన్నగా ఆమ్లంతో రాసి ఉంటుంది. ఉంటే వాటర్‌ఫర్డే.

ఈ బరువు వెనక పన్నుల గొడవ ఒకటుంది. 1745లో ఇంగ్లండ్ గాజు మీద బరువుని బట్టి పన్ను వేసింది. దాంతో అక్కడివాళ్ళు గాజు పల్చగా చేసి, పైపైన గీసి సరిపెట్టుకున్నారు. ఐర్లండ్‌కి ఆ పన్ను లేదు, పైగా 1780లో ఎగుమతికి దారి తెరుచుకుంది. 1783లో పెన్‌రోజ్ కుటుంబం వాటర్‌ఫర్డ్‌లో కొలిమి పెట్టింది. పన్ను లేదు కాబట్టి ఎంత మందమైనా పోయొచ్చు, మందం ఉంటే ఎంత లోతుకైనా కోయొచ్చు. లోతుగా కోసిన ఐరిష్ గాజు అలా పుట్టింది. 1825లో పన్ను ఇక్కడికీ వచ్చింది, 1851కి కొలిమి ఆరిపోయింది.

సీసాపిచ్చి_రాంబాబు
ఆదివారం, మధ్యాహ్నం 1:50

వాసు గారూ, మిగతా సగం కథ మీరు మింగేశారు. దాదాపు వందేళ్ళు ఆరిన కొలిమిని 1947లో మళ్ళీ వెలిగించిందెవరు? చెకోస్లోవేకియా నుంచి వచ్చిన చార్లెస్ బాచిక్. డిజైన్లు గీసిందెవరు? అక్కడి నుంచే వచ్చిన మిరొస్లావ్ హావెల్. ఇవాళ ప్రపంచమంతా వాటర్‌ఫర్డ్ అంటే చూపించే లిస్మోర్ నమూనా 1952లో ఆయన గీసిందే. అంటే మీ ఐరిష్ గాజులో బొహీమియా (చెకోస్లోవేకియాలో గాజుకి పేరుపడ్డ ప్రాంతం) చెయ్యి ఉంది. సుజాత గారిది బొహీమియా అని నా పందెం.

వాటర్‌ఫర్డ్_వాసు
ఆదివారం, మధ్యాహ్నం 2:02

మింగలేదు సార్, టైప్ చేస్తూ ఉన్నా! పందెం ఒప్పుకున్నా. ఓడిపోతే కాకినాడ కాజా.

లింగంపల్లి_సుజాత
ఆదివారం, సాయంత్రం 4:30

వేలు పెట్టి చూశా. మాస్టారూ, వేలు తెగింది. గీత ఎక్కడా కనిపించలేదు. అడుగున పేరు కూడా లేదు. రాంబాబు గారు చెప్పిన "దాటిన గీత" ఒకటి కాదు, నాలుగు చోట్ల ఉంది.

బకెట్ పరీక్ష మాత్రం గందరగోళం అయింది. గిన్నె 1,386 గ్రాములు. నీళ్ళలో ముంచితే 730 చూపించింది. భాగిస్తే 1.9. అంటే ఇది మామూలు గాజు కూడా కాదా? మా ఆయన "ప్లాస్టిక్‌ది, ఇచ్చెయ్" అంటున్నారు.

నిడదవోలు_కుర్రాడు
ఆదివారం, సాయంత్రం 4:41

1.9 అంటే గాజు కూడా కాదు మేడమ్, కొబ్బరి చిప్పేమో.

రసాయనం_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 5:10

గిన్నె బకెట్ అడుగుకి తగిలిందమ్మా. అడుగు ముట్టుకుంటే గిన్నె సొంత బరువు కూడా కొంత తూకం మీద పడుతుంది, అంకె పెరిగిపోతుంది, సాంద్రత తగ్గినట్టు కనిపిస్తుంది. ఇంకా పెద్ద బకెట్ తీసుకోండి. గిన్నెని బోర్లించి ముంచకండి, లోపల గాలి చిక్కుకుంటుంది. గళ్ళలో బుడగలుంటే వేలితో, తెగని వేలితో, తుడిచెయ్యండి.

లింగంపల్లి_సుజాత
ఆదివారం, రాత్రి 8:05

మీరన్నట్టే తగిలింది! ఈసారి మా ఆయన దారం పట్టుకున్నారు, నేను తూకం చూశాను. 470. మూడుసార్లు చేశాం, 468, 470, 471. భాగిస్తే 2.95.

అనుమానం తీరక, పెళ్ళికి బహుమతిగా వచ్చిన అచ్చు గ్లాసు గిన్నె కూడా ముంచాం. 812 గ్రాములు, నీళ్ళలో 326. అంటే 2.49. మా ఆయన ఇప్పుడు ఇంట్లో గాజు వస్తువులన్నీ బకెట్లో ముంచుతున్నారు. ఆయన కళ్ళజోడు కూడా.

రసాయనం_మాస్టారు
ఆదివారం, రాత్రి 8:20

శభాష్. 2.95 అంటే లెడ్ క్రిస్టలే. 24 శాతం తరగతి. ముప్ఫై కాదు. పోల్చడానికి రెండో గిన్నె ముంచారు చూశారా, అది మా విద్యార్థులు కూడా చేసేవారు కాదు.

అమీర్‌పేట_అనిత
ఆదివారం, రాత్రి 9:15

ఇదంతా చదివి కడుపు మండిపోయింది. పోయిన సంవత్సరం నగరంలో ఒక పెద్ద షాపులో "హ్యాండ్ కట్ క్రిస్టల్" అని రాసి ఉంటే పండ్ల గిన్నె 4,800 పెట్టి కొన్నా. ఇప్పుడే లేచి టార్చి వేసి చూశా. గీత! రెండు వైపులా! నిలువుగా, పాపిట తీసినట్టు. కానీ నక్షత్రం దగ్గర మాత్రం అంచులు పదునుగా ఉన్నాయి. ఇదేం మాయ?

సీసాపిచ్చి_రాంబాబు
ఆదివారం, రాత్రి 9:32

మాయ కాదమ్మా, పాత కిటుకే. డిజైను పెద్ద గీతలన్నీ అచ్చులోనే పోసేసి, పైన నాలుగు చోట్ల సాన తగిలిస్తారు. అమెరికాలో 1900 తర్వాత కొన్ని కొలుములు ఇదే పని చేశాయి. చెయ్యి తగిలింది నిజమే కాబట్టి "హ్యాండ్ కట్" అన్నది పూర్తి అబద్ధం కాకుండా జారుకుంటారు. బిల్లు మీద ఏం రాశారో చూసి అడగండి.

వాటర్‌ఫర్డ్_వాసు
ఆదివారం, రాత్రి 11:40

అచ్చు వేరు, కోత వేరు అంటున్నారు గానీ, కోత ఎలా ఉంటుందో చూస్తే తప్ప తేడా ఒంటబట్టదు. ఇక్కడ 2010లో ఊరి మధ్య తెరిచిన కర్మాగారానికి చుట్టాలొచ్చిన ప్రతిసారీ వెళ్తా. నా జీతంలో సగం ఆ టికెట్లకే.

ఊదిన పాత్ర మీద ముందు నల్ల ఇంకుతో అడ్డగీతలు, నిలువుగీతలు గీస్తారు. అంతే, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు. అసలు నమూనా ఎక్కడా గీసి ఉండదు, కోసేవాడి బుర్రలో ఉంటుంది. మన ఆడవాళ్ళు చుక్కలు చూసి మెలికల ముగ్గు కలిపేసినట్టు అతను కలుపుకుంటూ పోతాడు. చక్రం తిరుగుతుంటుంది, దాని మీద నీళ్ళు పడుతుంటాయి. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం అనిపించేది ఒకటుంది. గాజుని చక్రం పైన పెట్టి కిందికి అదుముతాడు. అంటే కోత పడేది గాజుకి అవతలి పక్క. అతను గిన్నె లోపలి నుంచి, గాజు గుండా చూస్తూ కోస్తాడు. లోతు కొలిచే సాధనం లేదు, చేతి బలమే. కొంచెం ఎక్కువ అదిమితే చిల్లు.

ఐదేళ్ళు శిష్యరికం, ఆ పైన మూడేళ్ళు చేస్తే గానీ మాస్టర్ అనరు. తప్పు పడిన పాత్రని రెండో రకం అని తక్కువకి అమ్మరు, పగలగొట్టి మళ్ళీ కొలిమిలో వేస్తారు. ఒకసారి పగలగొట్టే అవకాశం మా అత్తయ్యకి ఇచ్చారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, చేతులు రాక పక్కవాళ్ళకి ఇచ్చేసింది.

సీసాపిచ్చి_రాంబాబు
సోమవారం, ఉదయం 7:30

బాగా చెప్పారు. ఒక్కటి కలుపుతా. కోసిన వెంటనే ఆ గీతలు తెల్లగా, మసగ్గా, సుద్దతో గీసినట్టు ఉంటాయి. మెరుపు తర్వాత తెప్పించాలి. పాతకాలంలో ఇనప చక్రం మీద ఇసుకతో మొరటు కోత, ఇసుకరాయి చక్రం మీద నునుపు, చివరికి చెక్క చక్రం మీద మెత్తటి పొడితో మెరుగు. మెరుగుకీ చాలా కాలం పట్టేది. తర్వాత్తర్వాత హైడ్రోఫ్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు కలిపిన తొట్టిలో ముంచి తీయడం వచ్చింది. పైపొర కొద్దిగా కరిగి ఒక్కసారిగా మెరుస్తుంది. అందుకే ఆమ్లం మెరుగు పెట్టినవాటి అంచులు చెక్క మెరుగు వాటికంటే ఒక పిసరు మెత్తగా ఉంటాయి. 1876 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా అమెరికాలో కోసిన వాటిని పట్టుకుంటే ఇప్పటికీ గీరుకుంటాయి. ఆ కాలపు రష్యన్ అనే నమూనా వైట్‌హౌస్ బల్ల మీదికి ఎక్కింది. మా అన్నయ్య కూతురు న్యూయార్క్ రాష్ట్రంలో కార్నింగ్ మ్యూజియం చూసి ఫోటోలు పంపితే రెండు రోజులు నిద్రపోలేదు.

పాతబస్తీ_ఖాదర్
సోమవారం, ఉదయం 10:10

సలాం. లాడ్ బజార్‌లో మాకు మూడు తరాలుగా గాజుల కొట్టు. ఆ సామాన్లవాడు "ఫిరోజాబాద్ సరుకు" అని తిట్టులా అన్నాడే, అది నచ్చలేదు. ఆగ్రాకి 40 కిలోమీటర్లలో ఉన్న ఆ ఊరు లేకపోతే దేశంలో సగం చేతులు బోసిగా ఉండేవి. తాజ్‌మహల్‌కి పొగ తగులుతోందని 1996లో సుప్రీంకోర్టు చెప్పాక బొగ్గు మానుకుని గ్యాసుకి మారారు. అక్కడా సాన మీద కూర్చుని కోసేవాళ్ళున్నారు.

మన ఊళ్ళో కట్ గ్లాస్ చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి. ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో 19 బెల్జియం ఝూమర్లు (షాండిలియర్లు) వేలాడుతుంటాయి. మధ్యాహ్నం కాకుండా సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వెళ్ళాలి. సాలార్‌జంగ్‌లో యూరప్ గాజుకి గది ఉంది, జనం అందరూ గడియారం కొట్టడం చూడ్డానికి పరిగెత్తి దాన్ని దాటేస్తారు.

మన దేశపు రాజులకి ఇలాంటి సరుకు ఎక్కువగా అందించినవాళ్ళలో బర్మింగ్‌హామ్ ఆస్లర్ కంపెనీ ఒకటి. 1851 లండన్ ప్రదర్శనలో 27 అడుగుల గాజు ఫౌంటెన్ నిలబెట్టింది వాళ్ళే. కలకత్తాలో వాళ్ళకి షోరూమ్ ఉండేది. ఉదయపూర్ మహారాణా సజ్జన్ సింగ్ 1877లో వాళ్ళకి గాజు కుర్చీలు, బల్లలు, మంచం కూడా ఆర్డరిచ్చాడు. సరుకు చూసుకోకుండానే 1884లో పోయాడు. పెట్టెలు దశాబ్దాల పాటు విప్పకుండానే ఉండిపోయాయి. తర్వాత ఉదయపూర్ ప్యాలెస్‌లోనే గ్యాలరీగా పెట్టారు. గాజు మంచం మీద ఎవరు పడుకుంటారో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

లింగంపల్లి_సుజాత
సోమవారం, మధ్యాహ్నం 12:25

ఖాదర్ భాయ్, ఆదివారం చౌమహల్లా ఖాయం.

ఒక చిన్న అనుమానం. సీసం అంటే విషం అంటారు కదా. మొన్నటి దాకా ఆ గిన్నెలోనే నిమ్మకాయ ఊరగాయ ఉంది. ఏడాది పొడుగునా అందులోనే ఉంటుంది. అడుగంటగానే కొత్తది కలిపి మళ్ళీ నింపుతారు అత్తగారు. కడగడం కోసమే ఖాళీ చేశాను.

రసాయనం_మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 12:31

ఆ ఊరగాయ ఎక్కడుంది? పారబోయండి. ఎవరికీ పెట్టకండి. మిగతాది సాయంత్రం రాస్తా.

నిడదవోలు_కుర్రాడు
సోమవారం, మధ్యాహ్నం 12:50

మాస్టారూ అంత టెన్షన్ పెట్టకండి. వాళ్ళ అత్తగారు ఎన్నేళ్ళుగానో తింటున్నారు కదా, నిక్షేపంగా టీవీ చూస్తున్నారు. మా నానమ్మ 92 ఏళ్ళు బతికింది, ఏ పాత్రలో తిందో ఎవరికి తెలుసు.

రసాయనం_మాస్టారు
సోమవారం, సాయంత్రం 6:45

తమ్ముడూ, సీసం పాము కాదు, కాటేసిన రోజే తెలియడానికి. కొంచెం కొంచెంగా ఎముకల్లో చేరుతుంది. పిల్లల్లో మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. రక్తంలో ఇంత వరకు ఉంటే ఏమీ కాదు అని చెప్పగల హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది. ఆ ఇంట్లో చిన్న పిల్లాడున్నాడు.

1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన చెబుతా. క్రిస్టల్ సీసాల్లో పోర్ట్ వైన్ పోసి నాలుగు నెలలు ఉంచారు. మొదట లీటరుకి 89 మైక్రోగ్రాములున్న సీసం, 24 శాతం సీసాలో 2,162కి, 32 శాతం సీసాల్లో ఒకదాంట్లో 3,061కి, ఇంకోదాంట్లో 5,331కి చేరింది. నిమ్మరసం వైన్ కంటే పుల్లన. మనం నాలుగు నెలలు కాదు, ఏడాదంతా ఉంచుతాం.

కంగారు కూడా పడకండి. ప్రమాదం తాకడంలో లేదు, నిలవలో ఉంది. అతిథులొచ్చినప్పుడు నీళ్ళు పోసి తాగి కడిగేస్తే గాజులోంచి దిగేది చాలా తక్కువ. పండ్లు పెట్టుకోండి, జీడిపప్పు పెట్టుకోండి. రాత్రంతా ఏదీ ఉంచొద్దు. పులుపు అసలొద్దు. పిల్లలకీ, గర్భిణులకీ రోజూ వాడే పాత్రగా వద్దు. మనసులో పీకుతుంటే డాక్టరుని అడిగి బాబుకి రక్తంలో సీసం పరీక్ష చేయించండి, మామూలు పరీక్షే. ఊరగాయకి జాడీ ఉండగా ఈ గిన్నె ఎందుకు?

లింగంపల్లి_సుజాత
సోమవారం, రాత్రి 8:50

పారబోశాను. అత్తగారు అన్నం మానేసి కూర్చున్నారు. సీసం గురించి కాదు, నిమ్మకాయల గురించి. రేపు బాబుని డాక్టరు దగ్గరకి తీసుకెళ్తున్నాం. వాడు ఊరగాయ తినడు, అయినా చూపిస్తే పోతుంది.

ఇంకో రెండు. గిన్నె లోపల తెల్లగా పొరలా ఉంది. సీసా మూత బిగుసుకుపోయింది, రావట్లేదు.

అమీర్‌పేట_అనిత
సోమవారం, రాత్రి 9:10

డిష్‌వాషర్‌లో మాత్రం వేయకండి. నేను వేశా. ఆ 4,800 గిన్నెనే. ఇప్పుడు పాలు పోసినట్టుంది.

సీసాపిచ్చి_రాంబాబు
సోమవారం, రాత్రి 9:48

తెల్లపొర రెండు రకాలు. బోరు నీళ్ళ సున్నం అయితే వెనిగర్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెడితే పోతుంది. అప్పటికీ పోకపోతే గాజు పైపొరే తినేసినట్టు, అది పోదు, పాలిషింగ్ తెలిసినవాళ్ళకి తప్ప. అనిత గారిది రెండోదే అయ్యుండొచ్చు.

కడిగేటప్పుడు స్టీలు సింకులో కాదు, ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు పరిచి కడగండి. ఒక్కోటి. చేతి ఉంగరం తీసేయండి. ఫ్రిజ్‌లోంచి తీసి వేడి పాయసం పొయ్యడం లాంటివి వద్దు. మందం ఎక్కువ కాబట్టి లోపలా బయటా ఒకేసారి వేడెక్కదు, ఠప్పుమంటుంది. సీసా లోపల మరకకి పిడికెడు బియ్యం, కొంచెం సబ్బు నీళ్ళు వేసి మెల్లగా గిరగిరా తిప్పండి.

మూతకి: మెడ చుట్టూ రెండు చుక్కల నూనె వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే వేడినీళ్ళలో పిండిన గుడ్డ మెడకి చుట్టండి, మూతకి తగలకూడదు. మెడ కొంచెం వ్యాకోచిస్తుంది. చెక్క గరిటె పిడితో అటూ ఇటూ తడుతూ తిప్పండి. లాగొద్దు. నేను లాగి ఒకటి విరగ్గొట్టా, మెడ చేతిలోకి వచ్చింది. ఇప్పుడది పెన్నుల డబ్బా.

లింగంపల్లి_సుజాత
మంగళవారం, సాయంత్రం 5:20

ముందు డాక్టరు: శాంపిల్ ఇచ్చాం, గురువారం రిపోర్టు.

మూత వచ్చింది! లోపల ఏదో పాత తీపి వాసన. అంతకంటే పెద్ద వార్త, మూత ఊడిన చప్పుడుకి అత్తగారు టీవీ ఆపేసి వచ్చారు. స్వెట్టర్ విదిలిస్తే ఒక చిన్న బంగారు రంగు కాగితం స్టిక్కర్ రాలింది. సగం చిరిగింది. మీద బొహీమియా అని, కింద 24 శాతం సీసం అని, ఇంకా కింద "మేడ్ ఇన్ చెకోస్లోవే" దాకా ఉంది.

అప్పుడు చెప్పారు అత్తగారు. మామగారు రామచంద్రాపురం భెల్‌లో చేసేవారు. 1974లో ట్రైనింగ్‌కి బ్రనో అనే ఊరు పంపారట. ఇంటి దగ్గర చీర తెమ్మన్నారట ఈవిడ. ఆయన చీర బదులు గాజు తెచ్చారు, అదీ విమానంలో ఒళ్ళో పెట్టుకుని. ఆరో గ్లాసు బేగంపేట నుంచి రిక్షాలో వస్తుంటే పగిలిందట. ఈవిడ ఆరు నెలలు ఆ సెట్టు ముట్టుకోలేదు. ఏడో నెల కోపంతో గిన్నెలో ఊరగాయ వేశారు. "ఫారిన్ అంటే ఏ ఫారినో అడుగుతావేంటి, చీర దొరకని ఫారిన్" అన్నారు.

సీసాపిచ్చి_రాంబాబు
మంగళవారం, సాయంత్రం 5:45

వాసు గారూ, కాజా.

సుజాత గారూ, అంతా అతికింది. రామచంద్రాపురం కర్మాగారం చెకోస్లోవేకియా సహకారంతో కట్టిందే, అక్కడి నుంచి ఇంజనీర్లు అటు వెళ్ళొచ్చేవారు. హైదరాబాద్‌లో పాత భెల్ కుటుంబాల ఇళ్ళలో బొహీమియా గాజు ఇంకెంత ఉందో. ప్రాగ్‌కి తూర్పున పోడెబ్రాడీ అనే ఊరు ఈ లెడ్ క్రిస్టల్‌కి పేరు. నిజానికి పాత బొహీమియా గాజులో సీసం ఉండేది కాదు. అడవి చెట్ల బూడిదలోంచి తీసిన పొటాష్‌తో చేసేవారు, అది గట్టిది, చెక్కడానికి బాగుంటుంది. 1600 తర్వాత ప్రాగ్‌లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి కొలువులో కాస్పర్ లేమన్ రత్నాల మీద చెక్కే పనిని గాజు మీదికి తెచ్చాడు. సీసం వాళ్ళు తర్వాత ఎత్తుకున్నారు.

నిడదవోలు_కుర్రాడు
మంగళవారం, సాయంత్రం 6:00

అమ్మితే ఎంతొస్తుందో ఎవరూ చెప్పరేంటి?

సీసాపిచ్చి_రాంబాబు
మంగళవారం, సాయంత్రం 6:20

లక్షలు రావు. ఆ కాలంలో విదేశీ డబ్బు కోసం చెకోస్లోవేకియా ప్రపంచమంతా అమ్మిన సరుకు ఇది, యూరప్ సంతల్లో ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతుంది. ఐదు గ్లాసులు, ఆరో గ్లాసు లేదు, ఇంకా తగ్గుతుంది. కానీ 300 కాదు. ఆ స్టిక్కర్ పారేయకండి, దేశం పేరు 1992 డిసెంబరుతో పోయింది కాబట్టి అదే మీకు తేదీ ముద్ర.

వాటర్‌ఫర్డ్_వాసు
మంగళవారం, రాత్రి 10:15

కాజా పోస్టు చేస్తా. వాటర్‌ఫర్డ్ కాకపోయినా హావెల్ గారి దేశపు గాజే కాబట్టి సగం గెలిచినట్టే అనుకుంటున్నా.

లింగంపల్లి_సుజాత
గురువారం, సాయంత్రం 7:05

బాబు రిపోర్టు బాగుంది, డాక్టర్ గారు ఏమీ అక్కర్లేదన్నారు. గిన్నెలో ఇప్పుడు సీతాఫలాలు ఉన్నాయి. అత్తగారికి చీర కొన్నాం. "ఇదేం రంగు" అన్నారు.

మియాపూర్_మూర్తి
శుక్రవారం, ఉదయం 8:30

కొత్తగా చేరాను. మా నాన్నగారు కూడా భెల్‌లోనే. ఇంట్లో ఇలాంటి పూలకుండీ ఉంది, రెండడుగుల పొడుగు, బకెట్లో పట్టదు. నీళ్ళ డ్రమ్ములో ముంచొచ్చా? డ్రమ్ము కింద పెట్టే తూకం మా దగ్గర లేదు, కొట్లో బియ్యం తూచేది అడగాలి.

రసాయనం_మాస్టారు
శుక్రవారం, ఉదయం 8:52

బియ్యం తూకం పనికొస్తుంది, 10 గ్రాముల వరకు సరిగ్గా చూపిస్తే చాలు. అడుగు తగలనివ్వకండి.